‘రిజర్వేషన్ సీటేగా’ అంటున్నారని చదువు మానేస్తానంటోంది

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో సవర గిరిజనుల గూడెం. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాది చదువుతోంది. ‘నీ తెలుగేంటి అలా ఉంది’, ‘మీ ఊళ్లో కరెంటుందా’, ‘రిజర్వేషన్ సీటేగా’ అని తోటివాళ్లు అంటూనే ఉన్నారట. టీసీ తీసుకుని వచ్చేస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: టీసీ మాట ఇప్పుడే వద్దు. అలాగని ‘అవన్నీ పట్టించుకోకమ్మా’ అని మాత్రం దయచేసి అనకండి. పట్టించుకోకుండా ఉండగలిగితే మీ దాకా తెచ్చేదే కాదు. అమెరికాలో చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి సైకియాట్రిస్టు 1970లో ఇలాంటి అవమానాలకు ‘మైక్రోఅగ్రెషన్’ అని పేరు పెట్టారు. విడిగా చూస్తే ఏ ఒక్కటీ ఫిర్యాదు చేసేంత పెద్దగా కనిపించదు. రోజూ పడేవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

నా అసలు భయం వేరే. మాటలు పడే పిల్లలు ముందు వెనక బెంచీకి వెళ్తారు, తర్వాత డౌట్లు అడగడం మానేస్తారు, ల్యాబ్‌లో ఒంటరిగా మిగులుతారు. చివరికి ఆ అమ్మాయి ఏం చేయగలదో ప్రాజెక్టు గైడ్‌కే తెలియదు. రేపు పీహెచ్‌డీకి వెళ్లాలంటే రికమండేషన్ లెటర్ ఎవరిస్తారు? వీటిలో ఏది మొదలైందో అమ్మాయిని నెమ్మదిగా అడగండి. వారానికి ఒక్కసారైనా ఏదో ఒక సబ్జెక్టు డౌటుతో లెక్చరర్ గదికి వెళ్లమనండి.

అదే యూనివర్సిటీలో సీతంపేట, పాడేరు ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన సీనియర్లు ఉంటే మాట్లాడించండి. అమెరికాలో వాల్టన్, కోహెన్ అనే సైకాలజిస్టులు చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ‘ఇక్కడ ఇమడలేనేమో అన్న బెంగ మొదట్లో అందరికీ ఉంటుంది, తర్వాత తగ్గుతుంది’ అని సీనియర్ల అనుభవాల ద్వారా ఒక గంటసేపు తెలియజేస్తే, నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లూ మెరుగయ్యాయి.

అంతమాత్రాన అన్నవాళ్లను వదిలేయమని కాదు. రంగు, జాతి, కులం, ప్రాంతం, భాష పేరుతో తోటి విద్యార్థిని వేధించినా, వెలివేసినట్టు చూసినా అది ర్యాగింగే అని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2016లో నిబంధనల్లోనే చేర్చింది. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది తేదీతో రాసుకోమనండి. ఆ కాగితంతో ముందు హెచ్‌ఓడీని (విభాగం హెడ్‌ని) కలవాలి. అక్కడ కదలిక లేకపోతే యాంటీ ర్యాగింగ్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. 1800-180-5522 హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది.

సీటు రాజ్యాంగబద్ధంగా వచ్చిందే. ర్యాంకెంత అని అడిగినవాళ్లకు జవాబు చెప్పాల్సిన పని లేదు.

వీలైతే మీరే ఒకసారి వెళ్లి రెండు రోజులు ఉండి రండి. టీసీ సంగతి సెమిస్టర్ పరీక్షలయ్యాక చూద్దాం. ఈ దిగులులో పరీక్ష ఫీజు గడువు మాత్రం దాటిపోనివ్వకండి.