గంట కొట్టేది ఏ స్ప్రింగు? ముందు అది తేల్చుకోండి

ఈ వారం మీ ప్రశ్నల్లో ఫోన్ల గోల తగ్గి గడియారాల గోల పెరిగింది. ఇల్లు సర్దుతుంటే బయటపడ్డ గోడ గడియారాలు, నాన్నగారి అలారం వాచీలు, తాతగారి కోటు జేబులోని గొలుసు గడియారాలు. ఫిర్యాదు మాత్రం అందరిదీ ఒకటే: టైం బాగానే నడుస్తోంది, గంటే సరిగ్గా కొట్టడం లేదు. కీ ఎలా ఇవ్వాలో ఇక్కడ రాయను, అది మీ ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. ఒక్కటి మాత్రం ఎవరికి వారు ముందు తేల్చుకోవాలి. సుత్తిని ఎత్తే బలం ఎక్కడిది? గంట కోసమే విడిగా స్ప్రింగు ఉందా? మీట లాగినప్పుడు అప్పటికప్పుడు బిగిసే స్ప్రింగా? లేక టైం నడిపే స్ప్రింగు దగ్గరే కాస్త అరువు తెచ్చుకుంటోందా? గంటకు ఒక్కటే దెబ్బ కొట్టే వాచీలు చాలావరకు ఈ మూడో రకం. మీకొచ్చిన తంటా ఏమిటన్నది ఈ మూడింట్లో మీది ఏది అన్నదాన్ని బట్టే ఉంటుంది.

రాత్రిళ్లు గంటల మోతకు నిద్ర పట్టడం లేదని గోడ గడియారానికి ఎడమవైపు కీ ఇవ్వడం మానేశాం. కుడివైపు మాత్రం వారం వారం ఇస్తున్నాం. అయినా పన్నెండు దాటగానే ఆగిపోతోంది. రిపేరతను మిషనే పోయిందంటున్నాడు. (సత్యనారాయణపురం, విజయవాడ)

మిషను పోలేదండీ. దాని నోరు మీరే కట్టేశారు, అందుకే ఆగుతోంది. రెండు కీ రంధ్రాలున్న గడియారాల్లో సాధారణంగా కుడిది టైముకు, ఎడమది గంటకు. మీది బహుశా ర్యాక్ పద్ధతి, 1676లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ బార్లో కనిపెట్టాడని చెప్పేది. చిన్న ముల్లు వెనక స్నెయిల్ అనే చక్రం ఉంటుంది. దాని అంచు పన్నెండు మెట్లుగా కోసి ఉంటుంది. ఒంటిగంట మెట్టు అన్నిటికంటే ఎత్తు, పన్నెండు మెట్టు అన్నిటికంటే లోతు. గంట కొట్టే ముందు ర్యాక్ అనే పళ్ల మీట జారి, దాని తోక ఆ మెట్టు మీద వాలుతుంది. ఎంత లోతుకు జారితే అన్ని పళ్లు, అన్ని దెబ్బలు. కొడుతున్నంతసేపూ దెబ్బకో పన్ను చొప్పున గంట స్ప్రింగే ఆ ర్యాకును తిరిగి పైకి ఎత్తి పెడుతుంది.

ఇప్పుడు ఆ స్ప్రింగులో బలం లేదు. జారిన ర్యాకును ఎత్తేవాళ్లు లేరు. తోక స్నెయిల్ మీదే పడి ఉండి, గంట గంటకూ మరో మెట్టు కిందికి దిగుతూ పన్నెండు మెట్టుకు చేరుతుంది. అక్కడి నుంచి ఒంటిగంట మెట్టుకు వాలు లేదు, నిలువు గోడ. తోక ఆ గోడకు కొట్టుకుని గడియారం మొత్తాన్ని పట్టేస్తుంది. కొన్ని మిషన్లలో తోకను వంగేలా చేసి ఈ చిక్కు తప్పించారు, మీదాంట్లో తప్పించలేదు. పెద్ద ముల్లును కాస్త వెనక్కి జరిపి ఒత్తిడి తగ్గించి, ఎడమ కీ పూర్తిగా ఇవ్వండి. ర్యాకు తనే పైకి లేస్తుంది. మోత వద్దనుకుంటే సైలెంట్ మీట ఉందేమో చూడండి. లేకపోతే సుత్తి తలకు మందపాటి ఫెల్టు ముక్క అతికించండి. కొట్టడం కొడుతుంది, మీ చెవిన మాత్రం పడదు.

ఏడు గంటలకు నాలుగు కొడుతోంది. ఎనిమిదికి ఐదు. (బ్రాడీపేట, గుంటూరు)

ఇది పై దానికి అన్నదమ్ముల్లాంటి పాత పద్ధతి, కౌంట్ వీల్. ఇందులో గంట ముల్లును చూసి కొట్టడం ఉండదు. అంచున ఒకదానికొకటి ఎడం పెరుగుతూ పోయే గాట్లున్న చక్రం ఒకటి ఉంటుంది, నాలుగు తర్వాత ఐదు కొట్టడమే దానికి తెలుసు. ఒకసారి గంట స్ప్రింగు అయిపోయి టైం మాత్రం నడిచిందా, అక్కడి నుంచి రెంటికీ పొత్తు చెడుతుంది. ముళ్లు తిప్పుతూ కూర్చోకండి. మిషను పక్కన గంటను విడిచే మీట ఉంటుంది, దాన్ని సన్నని తీగతో ఒకసారి ఎత్తి వదలండి. తర్వాతి అంకె కొడుతుంది. కొట్టడం పూర్తయ్యేదాకా ఆగి మళ్లీ ఎత్తండి. మీకు మూడుసార్లు చాలు. అరగంటకు ఒక దెబ్బ కొట్టే రకమైతే మధ్యలో ఆ ఒంటి దెబ్బలు కూడా వస్తాయి, కంగారు పడకండి.

మీట ఎత్తితే తర్వాతి అంకె కాకుండా అదే అంకె మళ్లీ కొట్టిందంటే అది ర్యాక్ పద్ధతి. అప్పుడు తప్పు గంటది కాదు, ముల్లుది. చిన్న ముల్లు బిగుతు మీద మాత్రమే నిలబడి ఉంటుంది, ఎంత కొట్టిందో ఆ అంకె మీదికి దాన్ని ఒక్కదాన్నే మెల్లగా తిప్పి పెట్టండి.

గంటకు కొద్ది నిమిషాల ముందు లోపల టక్కుమంటోంది. పూజ చేయించాలా? (మంగళగిరి)

అక్కర్లేదమ్మా. గంట గంటకూ అది చేయవలసిన పనే అది. విడిచే మీట లేచి, ర్యాకు జారి, గంట చక్రాలు కాస్త కదిలి ఒక మేకుకు తగులుకుని ఆగుతాయి. సరిగ్గా గంటకు ఆ మేకు తప్పుకుంటుంది. ఈ ఏర్పాటు లేకపోతే దెబ్బ ఎప్పుడు పడుతుందో నిమిషం లెక్కలో చెప్పలేం. ఆ టక్కు వినపడి గంట మాత్రం మోగకపోతే అప్పుడు రాయండి.

నాన్నగారి రష్యన్ అలారం వాచీ. ఆరుకు పెడితే ఆరుకు ఏడు నిమిషాల ముందే మోగుతోంది, మోగాక మర్నాడు మోగడం లేదు. (తెనాలి)

రెండో సంగతి ముందు. దానికి రెండు స్ప్రింగులు, రెండు క్రౌన్లు, అంటే కీ ఇచ్చే బొడిపెలు. కిందది టైముకు, పైది అలారానికి. అలారం స్ప్రింగు మోగిన ప్రతిసారీ ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తుంది, రేపటికి దాచుకోదు. రోజూ పై క్రౌను తిప్పాల్సిందే. ఈ తరహా మిషన్లలో పై క్రౌను బయటికి లాగి ఉంటేనే మోగుతుంది, లోపలికి నొక్కితే మోగదు. ఒకే క్రౌను ఉన్న అలారం వాచీలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకవైపు తిప్పితే టైముకు, ఇంకోవైపు తిప్పితే అలారానికి. ఆ రకం వాచీ పైన ఎటు తిప్పితే ఏమిటో చూపే గుర్తు సాధారణంగా చెక్కి ఉండదు. డిజైన్ చేసినవాళ్లకు తెలుసు కాబట్టి లోకమంతా తెలిసే ఉంటుందని వాళ్ల ధీమా.

ఇక ఏడు నిమిషాలు. చిన్న ముల్లును తిప్పే గంట చక్రం కింది నుంచి ఒక పల్చటి స్ప్రింగు దాన్ని పైకి తోస్తూ ఉంటుంది. దాని మీది మేకు, అలారం చక్రంలోని గాడికి ఎదురుగా వచ్చిన క్షణంలో ఎగిరి అందులో పడుతుంది, సుత్తిని పట్టుకున్న కొక్కెం వదిలేస్తుంది. గంట చక్రం నిమిషానికి కదిలేది అర డిగ్రీ. గాడి అంచు కాస్త అరిగినా, ముల్లు బిగించినప్పుడు చేయి మూడున్నర డిగ్రీలు తేడా పోయినా మీ ఏడు నిమిషాలు వచ్చేసినట్టే. ఐదు నిమిషాలు అటూ ఇటూ ఈ వాచీలకు మామూలు. మీదానికి, అలారం మోగిన క్షణంలో టైం ఆపించి, అలారం ముల్లు ఊడదీసి అప్పటి టైం మీద మళ్లీ బిగిస్తే సరిపోతుంది. అది అనుభవమున్న చేతి పని, బీసెంట్ రోడ్డులో సెల్ మార్చే బల్ల దగ్గర చేయించకండి.

టైం సరిచేయాలని ముళ్లు వెనక్కి తిప్పుతున్నారేమో కూడా చూసుకోండి. ఆ గాడికి ఒక పక్క వాలు, రెండో పక్క నిలువు. ముందుకు తిప్పితే మేకు వాలెక్కి బయటికొస్తుంది. వెనక్కి తిప్పితే నిలువు అంచును గుద్దుకుంటుంది, బలవంతం చేస్తే మేకు వంగుతుంది. పది నిమిషాలు వెనక్కి జరపాలంటే వాచీని ఆపి పది నిమిషాలు ఆగండి.

స్మార్ట్ వాచీలో గంటకోసారి మోగే ఆప్షన్ అప్‌డేట్ తర్వాత కనపడటం లేదు. (గుణదల)

సెట్టింగుల్లో సౌండ్, వైబ్రేషన్ దగ్గర లేకపోతే యాక్సెసిబిలిటీలో వెతకండి, సాధారణంగా అక్కడికే తోస్తున్నారు. అక్కడా లేదంటే తీసేశారు. ఎందుకు తీశారో అప్‌డేట్ నోట్సులో ఒక్క ముక్క ఉండదు, "బగ్స్ సరిచేశాం" తప్ప.

దీనికి మూడొందల ఏళ్ల నాటి తగవొకటి గుర్తొస్తుంది. 1687లో ఇంగ్లండు రాజు రెండో జేమ్స్ ముందుకు రెండు రిపీటర్ వాచీలు వచ్చాయి. చీకట్లో మీట నొక్కితే గంట ఎంతైందో కొట్టి చెప్పేవి. బార్లోది గంటలకు ఒక మీట, పావుగంటలకు ఇంకో మీట. గడియారాల పనివాడు డేనియల్ క్వేర్‌ది ఒకే నొక్కుతో రెండూ. గెలిచింది క్వేర్. వాడేవాడికి ఏది సులువన్నది ఆ రోజే తేలింది.

ఆ తర్వాత వచ్చిన రిపీటర్లలో ఇంకో ఏర్పాటు ఉంది. ఇవాళ్టి సాఫ్ట్‌వేరు చేసేవాళ్లంతా ఒకసారి విప్పి చూడాల్సింది అది. మీట లాగినప్పుడే గంట స్ప్రింగు బిగుస్తుంది, ఎంత దూరం లాగితే అన్ని దెబ్బలు. సగమే లాగితే? పదింటికి ఆరు కొట్టి అబద్ధం చెబుతుంది. దీన్ని ఆపడానికి గంటల స్నెయిల్‌ను కదలని ఇరుసు మీద కాకుండా, కొద్దిగా ఊగే ఒక మీట మీద కూర్చోబెట్టారు. ర్యాకు తోక స్నెయిల్‌ను పూర్తిగా తాకి వెంట్రుకవాసి నొక్కితేనే ఆ మీట జరిగి మిగతా పనిని విడుస్తుంది. తాకలేదా, ఒక్క దెబ్బా పడదు. కొడితే పూర్తిగా, లేకపోతే అసలు వద్దు. మన దగ్గర యాప్‌లో డబ్బు కట్ అయి "ప్రాసెసింగ్" అని తిరుగుతూ కూర్చుంటుంది. అప్‌డేట్ 80 శాతం దగ్గర ఆగి ఫోను పాతదీ కాక కొత్తదీ కాక మిగులుతుంది. సగం లాగిన మీటకు సగం పని చేసే యంత్రాన్ని, ఈ ఏర్పాటు వచ్చాక, మంచి పనివాడు సిగ్గుపడి బయటికి పంపేవాడు కాదు.

తాతగారి గొలుసు గడియారం రిపీటర్. 1:10కి నొక్కితే ఒకటి కొట్టి, కాసేపు మౌనంగా ఉండి, తర్వాత పది సన్నటి దెబ్బలు కొడుతోంది. మధ్యలో పట్టేస్తోందా? (లాలాపేట, గుంటూరు)

లేదు. గంటలు, తర్వాత పావులు, తర్వాత పావు మీద నిమిషాలు అన్నది వరుస. 1:10కి పావులు సున్నా, అయినా వాటి వంతు కాలం ఖాళీగా గడవాల్సిందే. 12:59కి నొక్కి వినండి: పన్నెండు లావు దెబ్బలు, మూడు జంట దెబ్బలు, పద్నాలుగు సన్నవి, మొత్తం 32. అన్నీ ఒకే నడకలో పడితే వేగాన్ని పట్టి ఉంచే గవర్నర్ బాగున్నట్టు. చివర్లో ఈడ్చుకుంటూ పోతే నూనె జిగురైనట్టు. కొడుతుండగా టైం మార్చకండి, మళ్లీ మీట లాగకండి. ర్యాకు తోక స్నెయిల్ మీద ఉండగా ముళ్లు తిప్పితే మెట్లు విరుగుతాయి, ఆ విడిభాగం ఎక్కడా దొరకదు.

వాచీ రోజుకు ఎన్ని సెకన్లు తప్పుతోందో ఫోన్లో చూపే యాప్ అంటూ టెలిగ్రాం గ్రూపులో ఫైలు పంపారు. వేసుకోవచ్చా? (అరండల్‌పేట, గుంటూరు)

వద్దు. ఇదే ప్రశ్న ఇంకా ఇద్దరు అడిగారు, నాకు భయం వేస్తున్నది కూడా ఇక్కడే. ఇలాంటి యాప్ చేసే పని చిన్నది. మైకులో టిక్కులు విని లెక్కపెడుతుంది. గంటకు 18,000 కొట్టే పాత వాచీ సెకనుకు ఐదు టిక్కులు. దీనికి మైకు అనుమతి ఒక్కటి చాలు. ఎస్సెమ్మెస్, కాంటాక్టులు, యాక్సెసిబిలిటీ, మిగతా యాప్‌ల మీద కనిపించే అనుమతి, వీటిలో ఏది అడిగినా అది మీ వాచీ కోసం వచ్చింది కాదు. యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే మీ తెర మీద ఉన్నది చదువుతుంది, మీ బదులు తనే నొక్కుతుంది. ఓటీపీ వచ్చిన సంగతి మీకంటే ముందు దానికి తెలుస్తుంది.

ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపండి. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ రెండింట్లోనూ దాని అనుమతి తీసేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అడ్మిన్ తీయకుండా తొలగించబోతే కదలదు. మొరాయిస్తే సేఫ్ మోడ్‌లో తీయండి. బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి రెండ్రోజులు ఆలోచించకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాత తెలియని చోట్ల నుంచి యాప్‌లు వేసే అనుమతిని బ్రౌజరుకు, టెలిగ్రాంకు, వాట్సాప్‌కు విడివిడిగా ఆపండి. ఒక్కచోట ఆపితే అన్నిచోట్లా ఆగదు.

పాత గడియారం ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టేవాళ్లకూ ఒక మాట. బేరం ఆడకుండా అడిగిన ధర ఒప్పుకుని, "స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అంటూ క్యూఆర్ కోడ్ పంపేవాడు కొనేవాడు కాదు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ నొక్కే పనే లేదు. పిన్ అడిగిందంటే డబ్బు పోయేది మీ ఖాతాలోంచే.

గంటలు నెమ్మదిగా, నీరసంగా పడుతున్నాయి. కొబ్బరి నూనె వేయొచ్చా? (వన్‌టౌన్, విజయవాడ)

వేసేసి అడుగుతున్నారని నా అనుమానం. కొబ్బరి నూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే, మూడూ వద్దు. మన ఎండకు పల్చబడి పాకుతాయి, దుమ్ము పట్టి బంకవుతాయి. గంట చక్రాల చివర గాలికి అడ్డుపడుతూ గిర్రున తిరిగే రేకు ఒకటి ఉంటుంది, వేగం దాని చేతిలోనే ఉంది. దాని ఇరుసుకు బంక పడితే ముందు నీరసించేది గంటే. మిషను విప్పించి కడిగించి, ఇరుసు రంధ్రాల్లో మాత్రం గడియారం నూనె చుక్క వేయించండి, పళ్ల మీద వద్దు. విప్పే ముందు రెండు స్ప్రింగులనూ కీ పట్టుకుని మెల్లగా వదిలించారో లేదో చూడండి. బిగిసిన స్ప్రింగు చేతిలో విడిపోతే వేళ్లు చీలతాయి. దెబ్బ మొద్దుగా వినిపిస్తే సుత్తి, తను కొడితే మోగే కమ్మీని ఆనుకుని ఉందేమో చూడండి. కొట్టాక రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో నిలవాలి. వంచాల్సింది సుత్తి కాడను, కమ్మీని కాదు. కమ్మీ వంగదు, విరుగుతుంది.