చదవడంలో తడబాటు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. ఒకసారి విన్న కథను పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు, నోటిలెక్కలు చకచకా చేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం కూడబలుక్కుంటూ చదువుతాడు. పై వరుసలో చదివిన మాటనే కింది వరుసలో పోల్చుకోలేడు. డిక్టేషన్ చెబితే ఒత్తులు వదిలేస్తాడు. బద్ధకమని టీచర్లు, గారాబమని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఇది డిస్లెక్సియా కావచ్చా? అయితే మావాడికి తెలివి తక్కువని అర్థమా?
– ఒక తల్లి

జవాబు: మీ రెండో సందేహాన్ని ముందు తీరుస్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది అదే. డిస్లెక్సియా అంటే చదవడం, తప్పుల్లేకుండా రాయడం నేర్చుకోవడంలో ఎదురయ్యే ఇబ్బందే గానీ, తెలివి తక్కువ కావడం కాదు. చురుకైన పిల్లల్లోనూ, సామాన్యమైన పిల్లల్లోనూ ఇది సమానంగా కనిపిస్తుంది. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పద్నాలుగేళ్ల కుర్రవాడొకడి గురించి రాశాడు. ఆ అబ్బాయి ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు బాగా చేస్తాడు, అయినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. పెర్సీ అన్న తన పేరునే అక్షరాలు తారుమారు చేసి ప్రెసీ అని రాశాడు. పాఠాలన్నీ నోటితోనే చెప్పే పక్షంలో బడి మొత్తానికి ఇతడే మేటి అవుతాడని అతనికి చదువు చెప్పిన ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడు. మీరు వర్ణించిన మీ అబ్బాయికీ ఆ కుర్రవాడికీ ఎంత పోలిక ఉందో చూడండి.

మాట్లాడటం పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పరు, చుట్టూ ఉన్నవారి మాటలు వింటూనే అది వస్తుంది. చదవడం అలా రాదు. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది కాబట్టి, చదువుకోసమే ఏర్పడిన భాగమేదీ మెదడులో పుట్టుకతో ఉండదు. చూపుకు, వినికిడికి, మాటకు సంబంధించిన భాగాలు ఒకదానితో ఒకటి ముడిపడి, కంటికి కనిపించే గుర్తును చెవికి తెలిసిన ధ్వనిగా క్షణంలో మార్చడం నేర్చుకోవాలి. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి చిక్కు వచ్చేది ఇక్కడే. విన్న మాట వారికి స్పష్టంగా అర్థమవుతుంది గానీ, ఆ మాటను విడి ధ్వనులుగా విడదీయడం, వాటిని మళ్లీ కలపడం కష్టమవుతుంది. ‘కాలు’ అన్న మాటలో మొదటి ధ్వని తీసేసి అక్కడ ‘ప’ ధ్వని పెడితే ఏమవుతుందని అడిగి చూడండి. ఈ వయసు పిల్లలు సాధారణంగా ‘పాలు’ అని వెంటనే చెబుతారు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు చాలాసేపు తడుముకుంటారు, లేదా ఏదో ఒక మాట ఊహించి చెప్పేస్తారు. తెలిసిన బొమ్మల పేర్లు వరుసగా, వేగంగా చెప్పమన్నా కొందరికి ఆలస్యమవుతుంది.

తెలుగులో రాసినది రాసినట్టే పలుకుతాం కనుక అక్షరాలు, గుణింతాలు ఎలాగో పట్టుబడతాయి. తప్పుల కంటే నెమ్మదితనమే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే అక్షరం చోటును బట్టి రకరకాలుగా పలికే ఇంగ్లిషులోకి వచ్చేసరికి అదే పిల్లవాడు పూర్తిగా చతికిలపడవచ్చు. అందుకే ‘తెలుగు చదువుతున్నాడు కదా, ఇంగ్లిషుకే ఒళ్లు వంగదు’ అన్న నింద పడుతుంది. 2001లో ఇటాలియన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ మాట్లాడే డిస్లెక్సియా ఉన్నవారి మెదళ్లను స్కాన్ చేసి పోల్చిన పరిశోధకులకు, రాసినట్టే పలికే ఇటాలియన్‌ను చదివేవారిలో తప్పులు తక్కువగా కనిపించాయి గానీ, చదివేటప్పుడు ఎడమవైపు మెదడులో చురుకుదనం తగ్గిన చోటు మాత్రం ముగ్గురిలోనూ ఒకటే.

మీ అబ్బాయికి ఉన్నది ఇదేనని ఉత్తరం చూసి నేను నిర్ధారించలేను, నిర్ధారించకూడదు కూడా. ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఆ తర్వాత పిల్లల అభ్యసన సమస్యలను పరిశీలించే మనస్తత్వ నిపుణులను కలవండి. వారు చదివే వేగాన్ని, అక్షరదోషాలను, ధ్వనులను గుర్తించే శక్తిని, సాధారణ తెలివితేటలను వేర్వేరుగా పరీక్షిస్తారు. ఏకాగ్రత లోపం కూడా ఉందేమో చూడమని అడగండి, ఈ రెండూ ఒకే పిల్లవాడిలో కనిపించడం అరుదేమీ కాదు. ‘పెద్దయితే అదే వస్తుంది’ అని ఎదురుచూడవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. వెనకబాటు ఏటేటా పెరుగుతుంది, దానితోపాటు ‘నాకు రాదు’ అన్న భయమూ పెరుగుతుంది.

ప్రశ్న: మా పాపకు అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయని, రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలతో నయమవుతుందని ఒకరు చెప్పారు. మందులేమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు

జవాబు: డిస్లెక్సియాకు మందు లేదు. అది కంటి జబ్బు కూడా కాదు. చదవడం, రాయడం కొత్తగా నేర్చుకునే పిల్లలు ఏడేళ్ల వరకూ అక్షరాలను తిరగేసి రాయడం మామూలే కాబట్టి, ఆ ఒక్క గుర్తును బట్టి ఏ నిర్ణయానికీ రాకూడదు. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను తగ్గిస్తాయనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని అమెరికాలోని పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లో ఉమ్మడిగా ప్రకటించాయి. పాపకు చూపు లోపం ఉంటే దానికి అద్దాలు తప్పక పెట్టించండి. అంతకు మించి ఈ వ్యాయామాలపై వెచ్చించే డబ్బుకన్నా, వాటికోసం పోగొట్టుకునే ఏడాది కాలం గురించే నాకు ఎక్కువ బాధ.

ప్రశ్న: నేను ప్రాథమిక తరగతులకు బోధిస్తాను. నా తరగతిలో ఇలాంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నారని అనుమానం. మిగతా పిల్లలతో పాటు వీరికి ఎలా చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ అంచనా సరైనదే కావచ్చు. పిల్లల్లో 5 నుంచి 10 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుందని సాధారణంగా అంచనా వేస్తారు. వీరికి పనికొచ్చే పద్ధతి మిగతావారికి చెరుపు చేయదు సరికదా, మేలే చేస్తుంది. ఏ గుర్తుకు ఏ ధ్వని అన్నది ఊహకు వదలకుండా విప్పి చెప్పాలి, సులువైన వాటినుంచి కష్టమైన వాటికి క్రమంగా వెళ్లాలి, ఒకటి పట్టుబడ్డాకే రెండోది మొదలుపెట్టాలి. ‘పుస్తకం’ అన్న మాటను పిల్లవాడు ‘పుతకం’ అని రాశాడనుకోండి. పదిసార్లు ఇంపొజిషన్ రాయించడం వల్ల ప్రయోజనం లేదు. ఆ మాటను నెమ్మదిగా పలికిస్తూ, ‘స’ ధ్వని ఎక్కడ వినిపించిందో అతని చేతే చెప్పించి, ‘స’ కింద ‘త’ ఒత్తును వేలితో బల్లమీద దిద్దించి, ఆ తర్వాత అదే కలయిక ఉన్న ‘బస్తా’, ‘దోస్తు’ వంటి మాటలు చదివించండి. వారానికొకసారి గంటసేపు కూర్చోబెట్టే బదులు, రోజూ ఇరవై నిమిషాలు ఇద్దరు ముగ్గురిని కలిపి చెబితే ఫలితం బాగుంటుంది.

వారి చేత అందరి ముందూ ఉన్నట్టుండి పైకి చదివించకండి. ఆ పిల్లవాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు, తన వంతు ఎప్పుడొస్తుందోనన్న దిగులుతో మిగతా పాఠమంతా అతని చెవికెక్కదు. చదివించదలిస్తే ఏ పేరా అన్నది ముందురోజే చెప్పి, ఇంట్లో సాధన చేసుకోనివ్వండి. సామాన్యశాస్త్రంలో జవాబు సరైనదైతే అక్షరదోషాలకు మార్కులు కోయవద్దు. పరీక్షలో అదనపు సమయం ఇవ్వడం, ప్రశ్నను చదివి వినిపించడం పక్షపాతం కాదు. అతనికి తెలిసినది కాగితం మీదికి రావడానికి అడ్డుగా ఉన్నదాన్ని మాత్రమే అవి తొలగిస్తాయి.

ప్రశ్న: మా అమ్మాయికి డిస్లెక్సియా అని నిపుణులు చెప్పారు. వారు అడిగిన ప్రశ్నలు వింటుంటే నా చిన్నతనమే గుర్తుకొచ్చింది. నాకు నలభై ఏళ్లు. ఇప్పటికీ ఆఫీసులో పెద్ద నివేదిక చదవాలంటే మిగతావారికంటే రెట్టింపు సమయం పడుతుంది. ఇది నా నుంచే వచ్చిందా? ఇప్పుడు నేను చేయగలిగినదేమైనా ఉందా?
– ఒక తండ్రి

జవాబు: వచ్చి ఉండవచ్చు. డిస్లెక్సియాలో వంశపారంపర్యం పాత్ర చాలా ఉంది. కుటుంబంలో ఈ ఇబ్బంది ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన 2016 నాటి సమీక్షలో, సగటున 45 శాతం మంది పిల్లలకు అది వచ్చినట్టు తేలింది. అలాగని దీన్ని మీ తప్పుగా తలపోయకండి. కంటి రంగు లాగే ఇదీ ఎవరూ కోరి ఇచ్చేది కాదు. మీకు ఇంకా చిన్న పిల్లలుంటే, వారు బడిలో వెనకబడేదాకా ఆగకుండా నాలుగైదేళ్ల వయసులోనే గమనించండి. మాటలు ఆలస్యంగా రావడం, ప్రాస కలిసే మాటలు పట్టలేకపోవడం, నేర్పిన అక్షరాల పేర్లు పదేపదే మరిచిపోవడం తొలి సూచనలు.

మీ విషయానికొస్తే, పెద్దవారిని కూడా పరీక్షించి చెప్పగల నిపుణులున్నారు. డిస్లెక్సియా జీవితాంతం ఉంటుంది, కానీ సాధనతో చదివే వేగం ఏ వయసులోనైనా కొంత మెరుగుపడుతుంది. పెద్ద నివేదికలను ఫోనులో గానీ కంప్యూటరులో గానీ పైకి చదివించుకుని వినండి, అక్షరాల మధ్య, వరుసల మధ్య ఖాళీ పెంచుకుని చదవండి, సమావేశంలో చర్చించే కాగితాలను ముందురోజే ఇమ్మని అడగండి. మీ అమ్మాయితో మీ ఇబ్బంది గురించి దాచకుండా మాట్లాడండి. సాయంత్రాలు ఒక పేజీ మీరు, ఒక పేజీ ఆమె చదవండి. ఆమె తడబడినచోట వెంటనే మాట అందించకుండా నాలుగైదు క్షణాలు ఆగండి, అప్పటికీ రాకపోతే మొదటి ధ్వని మాత్రం పలికి, మిగతాది ఆమెకే వదిలేయండి.