అడగండి, చెబుతాం: బైలకుప్పె బాల భిక్షువుల చదువుకు సాయం ఎలా?

ప్ర: మైసూరు దగ్గర బైలకుప్పెలో స్వర్ణ దేవాలయం చూశాం. ఏడెనిమిదేళ్ల చిన్న లామాలను చూస్తే మనసు ఆగలేదు. ఒక బాబును ఎంచుకుని, నెలనెలా అతని పేరనే డబ్బు పంపవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జ: డబ్బు పంపండి, బాబు పేరన మాత్రం వద్దమ్మా. ముందుగా ఒక మాట: లామా అంటే గురువు. చదువుకునే భిక్షువును అక్కడి టిబెటన్ శరణార్థులు ట్రాపా అంటారు.

బైలకుప్పెలోనే ఉన్న సెరా వంటి పెద్ద మఠంలో సెరా జే, సెరా మే అని రెండు కళాశాలలు ఉన్నాయి. ఒక్కోదాని కింద ప్రాంతాలవారీగా ఖంగ్‌ట్సెన్ అనే వసతి గృహాలుంటాయి. పిల్లవాడు పడుకునేది అక్కడే, మంచీచెడూ చూసేది గెగెన్, అంటే గృహ గురువు. గుడి హుండీలో వేసిన డబ్బు ఈ గదిదాకా వస్తుందన్న భరోసా లేదు. కార్యాలయానికి వెళ్లి, రసీదు మీద ఖంగ్‌ట్సెన్ పేరు, ‘పిల్లల చదువు, వైద్యం’ అన్న మాట రాయించుకోండి.

ఒకే గదిలో పదిమంది ఉంటే, ఒక్కడికే దాత దొరికితే ఏమవుతుంది? వాడికి కొత్త బూట్లొస్తాయి, మిగతా తొమ్మిదిమంది చూస్తూ ఉంటారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. భోజనం దగ్గర కాకిని తోలగలిగిన పిల్లవాడికి శ్రామణేర దీక్ష, అంటే తొలిమెట్టు దీక్ష, ఇవ్వవచ్చని వినయం, అంటే బౌద్ధ భిక్షువుల నియమావళి, చెబుతుంది. పూర్తి భిక్షువు కావాలంటే మాత్రం 20 ఏళ్లు నిండాలి. ఆలోగానీ ఆ తర్వాతగానీ వస్త్రం వదిలి వెళ్లాలనిపిస్తే వెళ్లగలగాలి. ‘ఆంటీ ఇన్నేళ్లు చదివించారే’ అన్న బరువు ఆ పసివాడి మీద పడకూడదు. పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. గెగెన్ లేకుండా ఒంటరిగా కలుస్తామని అడగకండి.

ప్ర: బియ్యం, పాత బట్టలు, మా పిల్లల పాత పుస్తకాలు తీసుకెళ్దామనుకుంటున్నాం. పనికొస్తాయా? – ఒక పాఠకుడు, అనంతపురం

జ: బియ్యం పనికొస్తాయి. వందమంది పిల్లలకు పూటకు 10 నుంచి 12 కిలోలు, పప్పు మూడు కిలోల దాకా పడుతుంది. అంటే 25 కిలోల బస్తా రెండు పూటలకు సరి. పండగ రోజున అందరూ బస్తాలు దింపితే పురుగు పడుతుంది. అందుకే సరుకులు చూసే ఞెర్పాను ముందే అడిగి, ఏ నెల ఖాళీయో తెలుసుకుని వెళ్లండి.

బట్టలు వద్దు. వాళ్లు కట్టేది ముదురు ఎరుపు వస్త్రమే, అది అక్కడే కుడతారు. పాత పుస్తకాలూ వద్దు, సిలబస్ కలవదు.

అందరూ మరిచేది వైద్యం. శరణార్థి టిబెటన్లలో క్షయ ఎక్కువ. మూసిన గదుల్లో గుంపుగా పడుకునే పిల్లల్లో అది త్వరగా పాకుతుంది. ఏటా క్షయ పరీక్షలకు, కంటి పరీక్షలకు, కళ్లజోళ్లకు, కిటికీలున్న పడకగదులకు ఇచ్చిన రూపాయి చదువుకు ఇచ్చినట్టే. అక్షరం మసగ్గా కనబడే పిల్లవాడు ఏం కంఠస్థం చేస్తాడు?

ప్ర: ఇంతకీ వాళ్లు ఏం చదువుతారు? బయటికొస్తే ఆ చదువు నిలబెడుతుందా? – ఒక ఉపాధ్యాయిని, నల్గొండ

జ: ఇప్పుడు చాలామంది పిల్లలు లడఖ్, స్పితి, అరుణాచల్, నేపాల్ నుంచి వస్తున్నారు. వాళ్లలో ఎందరికో టిబెటన్ చదవడం, రాయడం రాదు. కాబట్టి మొదట అక్షరాలే. ముప్పై హల్లులు, నాలుగు అచ్చు గుర్తులు. క, ఖ, గ, ఙ అని మొదలవుతాయి, మన వర్ణమాలలాగే! రెండూ బ్రాహ్మీ సంతతివే. తర్వాత గొంతెత్తి కంఠస్థం, ఆపైన తర్కవాదం. అడిగేవాడు నిలబడి, కాలు నేలకు తాటిస్తూ కుడి అరచేత్తో ఎడమ అరచేతిని చరుస్తాడు. చెప్పేవాడు కూర్చుని జవాబివ్వాలి, తడబడితే మళ్లీ చప్పట్లు. సెరా అనుసరించే గెలుగ్ సంప్రదాయంలో ఐదు మహాగ్రంథాలు పూర్తికావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. వాటిలో మాధ్యమికం, అంటే శూన్యవాదం, మన నాగార్జునుడి దారే. ఈ చదువు పూర్తిచేసిన భిక్షుణులకిచ్చే గెషేమా పట్టం 2016లో తొలిసారి 20 మందికి దక్కింది. సాయం చేసేటప్పుడు ఆడపిల్లల మఠాలనూ మరవకండి.

ఇక మీ రెండో ప్రశ్న అసలైనది. 2012 సవరణతో ప్రధానంగా మతవిద్య నేర్పే సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించడం లేదు. అందుకని డబ్బిచ్చే ముందు మీరే అడగాలి: లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్ రోజూ ఎన్ని గంటలు? పదో తరగతి ఏ బోర్డు, లేదా సార్వత్రిక విద్యాపీఠం ద్వారా రాయిస్తారా? ఆ మాస్టర్ల జీతం ఎవరిస్తున్నారు? దాతలు దొరకని చోటు తరచూ అదే. మఠం కట్టడాలకు ఇచ్చేవాళ్లుంటారు. లెక్కల మాస్టరు జీతానికి ఇచ్చేవాళ్లు తక్కువ. మీరు అదివ్వండి, అదీ కనీసం మూడేళ్లకు మాటిచ్చి. ఏడాదికే ఆపితే సగం పాఠంలో మాస్టరు వెళ్లిపోతాడు.

ప్ర: మా అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చింది. వాడు నా ఖాతాకు పంపితే నేను ఇక్కడినుంచి మఠానికి ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, గుంటూరు

జ: అలా చేయకండి. ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డున్నా ఆ సొమ్ము విదేశీ విరాళమే. మీ చేతిమీదుగా వచ్చినా చట్టం దృష్టిలో దాని మూలం మారదు, చిక్కు మఠానికి. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఉండే వాళ్ల ఖాతాకే చేరాలి. భారత పాస్‌పోర్టే ఉన్న ప్రవాసి తన పొదుపును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అబ్బాయి వచ్చి అక్కడ రాత్రి బస చేయాలంటే కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి, నెలల ముందే దరఖాస్తు పెట్టుకోండి.

ప్ర: ఆదాయపన్ను మినహాయింపు వస్తుందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: సంస్థకు 80జి (విరాళాలకు పన్ను మినహాయింపునిచ్చే సెక్షన్) నమోదు ఉంటేనే. కేవలం మతపరమైన సంస్థకు అది దొరకదు. మఠానికి లేకున్నా దాని బడి లేదా ఆసుపత్రి ట్రస్టుకు ఉండవచ్చు, అడగండి. నగదు 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఎలాగూ రాదు.