కోచ్ కాబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నువ్వు ఫుట్‌బాల్ ఆడటం మానేసి కోచింగ్‌లోకి దిగుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదో నంబరు జెర్సీ నీ మోకాళ్లదాకా వేలాడిన రోజుల నుంచీ చూస్తున్నాను నిన్ను. గర్వంగా ఉంది. గుబులుగానూ ఉంది.

కోచింగ్ లైసెన్సు కోర్సు కింది మెట్టు నుంచే మొదలుపెట్టు. ఎన్ని గోల్స్ కొట్టినా సరే, పై మెట్టు అడగకు. వార్మప్ మాత్రం ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకు. దెబ్బలు తగలకుండా చేయించే ఫిఫా 11 ప్లస్ వార్మప్ ఉంది కదా, 20 నిమిషాలు పడుతుంది. బంతి ఇమ్మని పిల్లలు గోల చేస్తారు, ఇవ్వకు. ఏసీఎల్, అదే మోకాలి లోపలి లిగమెంటు, తెగడం ఆడపిల్లల్లోనే ఎక్కువ. దూకి దిగేటప్పుడు ఎవరి మోకాళ్లు లోపలికి వాలుతున్నాయో ఒక్కొక్కరినీ విడిగా చూడు. నీ స్కాన్ వచ్చిన రోజు మీ నాన్న మొహం నేనింకా మరిచిపోలేదు.

ఇక అసలు సంగతి. నేను కోచ్ అయిన మొదటి ఏడాది నా దగ్గర పదహారేళ్ల కుర్రాడు ఒకడుండేవాడు. మంచి వేగం. గోల్‌కీపర్ ఎదురొస్తే మాత్రం బంతిని గోల్‌పోస్టు బారు మీదుగా లేపేసేవాడు. ఒక సాయంత్రం వరసగా నాలుగు పోగొట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "తప్పుకో, నేను చూపిస్తా" అని పది బంతులు పెట్టించుకుని కొట్టాను. తొమ్మిది వలలో పడ్డాయి. పిల్లలంతా చప్పట్లు. నీ దగ్గర దాపరికమెందుకు, ఆ చప్పట్లు నాకు ఎంత తియ్యగా వినిపించాయో! ఆట మానేశాక అలాంటి చప్పుడు వినడం అదే మొదలు.

అప్పుడు వాడు అడిగాడు, "సార్, కొట్టే ముందు ఏం చూస్తారు?" అని. నాకు జవాబు తెలియలేదు. "చూసేదేముంది, కొట్టడమే" అన్నాను.

ఆ మర్నాటి నుంచి తన వంతు రాగానే వాడు వంగి లేసు కట్టుకునేవాడు. బిగుతుగా ఉన్న లేసునే విప్పి మళ్లీ కట్టడం, వెనకవాణ్ణి ముందుకు పొమ్మనడం. నేను చూశాను. చూసి, బద్ధకమని తిట్టాను. తర్వాతి మ్యాచ్‌లో ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే ఉంటే, ఎవరూ లేని పక్కకి బంతి తోసేశాడు. గీత దగ్గర నిలబడి ఊరంతా వినేలా అరిచాను. నెల తిరక్కుండా వాడు రావడం మానేశాడు.

వాడి తప్పు ఏమిటో నాకు ఏళ్ల తర్వాత తట్టింది. నిలబడే కాలు బంతికి జానెడు వెనక పడేది. దాంతో ఒళ్లు వెనక్కి వాలేది, బంతి లేచేది. "కాలు బంతి పక్కన వెయ్యి" అంటే సరిపోయేది. నా కాలికి తెలిసింది నా నోటికి తెలియలేదు, తల్లీ. స్ట్రైకర్లకి ఈ జబ్బు ఎక్కువ. ఆలోచించే లోపే కొట్టేస్తాం కాబట్టే గోల్స్ కొట్టాం మరి.

అందుకని, మొదటి ఏడాది నువ్వు బంతి తన్ని చూపించకు. నీకు సులువుగా వచ్చినవన్నీ ఇప్పుడే కూర్చుని మాటల్లో రాసుకో. చూపించాల్సి వస్తే ఒక పిల్ల చేత చేయించు. నీ మోకాలికీ అదే మంచిది. ఇది మాత్రం వినకపోతే నాకు నిజంగా కోపం వస్తుంది.

పియా సుండ్‌హాగే కూడా మనలాగే ఫార్వర్డ్. స్వీడన్‌కి 71 గోల్స్ కొట్టింది. కోచ్‌గా అమెరికాకి 2008లో, 2012లో ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చింది. నువ్వూ ఆ దారినే పోతున్నావని నిన్న రాత్రి నుంచి మీ పెద్దమ్మకి పదిసార్లు చెప్పి ఉంటాను. ఓడితే తీసేస్తారు, దానికి బెంగపడకు. మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా పేరు మోసిన అలెక్స్ ఫెర్గుసన్‌నీ 1978లో సెయింట్ మిరెన్ క్లబ్ తీసేసింది. ఆయనా స్ట్రైకరే.

మొదటి రోజు సాయంత్రం ఫోన్ చెయ్యి. స్కోరు తర్వాత చెబుదువుగాని. వంతు రాగానే లేసు కట్టుకుంటూ వెనక్కి జరిగే పిల్ల ఎవరైనా ఉంటే, ముందు ఆ పేరు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న