చోక్ తీగ బిగుసుకుంటే డిపాజిట్ కదపాలా?

ప్రశ్న: మాది పెదవాల్తేరు. నా దగ్గర 1998 నాటి మారుతి 800 ఉంది. చోక్ నాబ్ ఒకసారి లాగితే మళ్లీ పూర్తిగా లోపలికి పోవడం లేదు. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు 10 దగ్గర ఆగిపోతోంది. గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటర్‌తో సహా మార్చాలని, 14,000 రూపాయలు అవుతాయని మెకానిక్ అన్నాడు. అంత పెట్టే బదులు కొత్త కారు కొనమని మా అబ్బాయి అంటున్నాడు. 2023 సెప్టెంబరులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 6 లక్షలు వేశాను. అది తీయాలా, 4 లక్షల రుణం తీసుకోవాలా? నెలకు 300 కిలోమీటర్లకు మించి తిరగము. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) 2028 వరకు ఉంది.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో రెండు వేరు వేరు ఖర్చులు ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. బిగుసుకున్న తీగ ఈ వారం తేల్చుకోవలసిన విషయం. కారు ఉంచాలా, మార్చాలా అన్నది 2028లో ఆర్‌సీ గడువు ముగిసే ముందు తేల్చుకోవలసిన విషయం. మొదటిదాని తొందరలో రెండోదాన్ని నిర్ణయించుకోవద్దని నా సలహా.

ముందుగా ఇప్పుడు జరుగుతున్న నష్టాన్ని లెక్కిద్దాం. చోక్ అంటే చల్లని ఇంజను తేలికగా స్టార్ట్ కావడానికి గాలిని తగ్గించే పలక. అది సగం మూసుకుని ఉండిపోతే ఇంజనుకు గాలి తగ్గి పెట్రోలు ఎక్కువగా అందుతుంది. ప్లగ్గులు నల్లబడతాయి, పొగ కాలుష్య పరీక్షలో తప్పుతుంది, కాలని పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలుచన చేస్తుంది. నెలకు 300 కిలోమీటర్లకు 14 మైలేజీతో 21 లీటర్ల పైచిలుకు సరిపోయేది, 10 మైలేజీతో 30 లీటర్లు పడుతుంది. లీటరు 108 రూపాయలుగా వేసుకున్నా నెలకు 900 రూపాయలకు పైగా, ఏడాదికి దాదాపు 11,000 రూపాయలు వృథా అవుతున్నాయి. కాబట్టి మరమ్మతును వాయిదా వేయకూడదు. అయితే ఆ మరమ్మతు 14,000 రూపాయలదేనా అన్నది ముందు తెలియాలి.

అది తెలుసుకునే పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజను చల్లారిన తరువాత కార్బ్యురేటర్ దగ్గర తీగను పట్టి ఉంచే మరను వదులు చేయించి, చోక్ మీటను వేలితో కదిపించి చూడండి. మీట తేలికగా తిరిగితే కార్బ్యురేటర్‌కు ఏ దోషమూ లేదు, తప్పంతా తీగదే. మీట కూడా బిగువుగా ఉంటే ఇరుసు దగ్గర జిడ్డు పట్టిందని అర్థం, అప్పుడు కూడా ముందు చేయవలసింది శుభ్రం చేయించడమే. సముద్రపు గాలి తగిలే మీ పేటలో నాకు తీగ మీదే అనుమానం ఎక్కువ. విశాఖ వాతావరణంలో చోక్ లాగవలసిన ఉదయాలు ఏడాదికి ఎన్నో ఉండవు, ఏ అరకు ప్రయాణంలోనో తప్ప దాని అవసరమే రాదు. నెలల తరబడి కదలని ఇనుప తీగ ఉప్పుగాలికి తుప్పు పట్టి పైగొట్టంలో బిగుసుకుపోవడంలో వింత లేదు.

తీగ పోగులు తెగకుండా ఉంటే దాన్ని విప్పించి, నిలువుగా వేలాడదీసి, పైకొస నుంచి పలుచని నూనె చుక్కలు చుక్కలుగా వదులుతూ పైకీ కిందికీ ఆడించమనండి. పోగులు తెగినా, గొట్టం మెలిక పడినా కొత్త కేబుల్ వేయించండి, అది వందల్లో తేలే ఖర్చు. బిగించేటప్పుడు నాబ్ పూర్తిగా లోపలికి నెట్టినప్పుడు చోక్ పలక పూర్తిగా తెరుచుకుంటోందో లేదో దగ్గరుండి చూసుకోండి. తరువాత వారానికి ఒకసారి అవసరం లేకపోయినా నాబ్‌ను లాగి వదులుతూ ఉండండి.

ఇక డిపాజిట్ మాట. ఆ పథకంలో రెండేళ్లు దాటిన ఖాతాను గడువుకు ముందే మూస్తే అసలులో ఒక శాతం, అంటే మీకు 6,000 రూపాయలు కోత పడుతుంది. అవసరమైన మేరకే తీసుకునే వీలు లేదు, ఖాతా మొత్తం మూయవలసిందే. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి అందుతున్న 12,300 రూపాయలు కూడా ఆగిపోతాయి. పెన్షన్ మీద బతికే ఇంట్లో ఆ వడ్డీ మందుల ఖర్చుకో, కరెంటు బిల్లుకో ఆసరాగా ఉంటుంది, దాన్ని కదపవద్దు. రుణం సంగతికి వస్తే, 4 లక్షలను 9.5 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 8,400 రూపాయల వాయిదా, మొత్తం మీద లక్షకు పైగా వడ్డీ. నెలకు 300 కిలోమీటర్ల ప్రయాణానికి ఇది నా దృష్టిలో మోయరాని బరువు. మీ అబ్బాయి భద్రత కోసం అడుగుతుంటే మాత్రం ఆ మాటలో న్యాయం ఉంది, అప్పుడు వాయిదాలో ఆయన వాటా ఎంతో ముందే మాట్లాడుకోండి.

ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. దానికి ముందు బండికి చేయించవలసిన పనులు అదనం. తీగ బాగయ్యాక ఆదా అయ్యే 900 రూపాయలకు మరో 600 కలిపి, నెలకు 1,500 చొప్పున 2028 దాకా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆ సొమ్ము చేతిలో ఉంటే ఆనాడు రుసుము కట్టాలన్నా, బండి వదిలేసి మరొకదానికి ముందస్తు చెల్లించాలన్నా అప్పు జోలికి వెళ్లనక్కరలేదు.

తీగ పని పూర్తయ్యాక ట్యాంకు రెండుసార్లు నిండుగా నింపించి మైలేజీ రాసుకోండి. అప్పటికీ 12 దాటకపోతే కార్బ్యురేటర్ గురించి మరో మెకానిక్ అభిప్రాయం తీసుకోండి. ఆ 14,000 రూపాయల మాట ఆ తరువాతే.