ఎల్.ఎస్.డి. ఉందని చెప్పి అమ్మిన పాత థార్: దావాకు ముందు ఇరుసు విప్పించండి

ప్రశ్న: మాది చింతపల్లి మండలం. తాతల నాటి నాలుగెకరాల కాఫీ, మిరియాల తోట ఉంది. నాలుగు నెలల క్రితం విశాఖపట్నంలో పాత వాహనాల వ్యాపారి దగ్గర 2021 నాటి థార్ డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని 11 లక్షల 40 వేల రూపాయలకు కొన్నాను. ప్రకటనలోనూ, నాకు పంపిన వాట్సాప్ సందేశంలోనూ ‘వెనుక ఎల్.ఎస్.డి. ఉంది’ అని రాశారు, అంటే ఒక చక్రం జారినా రెండోది బండిని కదిలించేలా చేసే పరికరం ఉందని. వానలు మొదలయ్యాక తోట దారిలో వెనుక చక్రం ఒకటి బురదలో గిర్రున తిరిగింది, బండి మాత్రం కదలలేదు. మా ఊరి మెకానిక్ వెనుక చక్రాలు రెండూ పైకి లేపి ఒకదాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరిగింది. ఎల్.ఎస్.డి. లేదని చెప్పాడు. వ్యాపారిని అడిగితే, ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను’ అన్న కాగితం మీద మీరు సంతకం పెట్టారు కదా అంటున్నాడు. బండి తిరిగి ఇచ్చేసి డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. అయితే ఈ రోజు మీ చేతిలో ఉన్న సాక్ష్యంతో కేసు వేయమని నేను చెప్పను. ‘ఉంది’ అని వ్యాపారి రాసిన మాట మీ దగ్గర ఉంది, అది చాలా విలువైనది. ‘లేదు’ అనడానికి మాత్రం మీ దగ్గర ఉన్నది జాకీ మీద చేసిన ఒక్క పరీక్షే. థార్ విషయంలో ఆ పరీక్ష ఏమీ తేల్చదు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కేసు బలమంతా ఇక్కడే ఉంది.

డిఫరెన్షియల్ అంటే ఇంజన్ బలాన్ని ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలకు పంచే గేర్ల అమరిక. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా బలం పంచుతుంది. ఒక చక్రం జారే చోట దానికి పట్టు ఉండదు కనుక రెండో చక్రానికీ అంతే తక్కువ బలం అందుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా, ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం గాలిలో లేస్తే బండి నిలిచిపోయేది ఇందుకే. ఎల్.ఎస్.డి., అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో సాధారణంగా లోపల క్లచ్ పలకలు ఉండి, జారే చక్రం విచ్చలవిడిగా తిరగకుండా ఆపుతాయి. అలాంటి ఇరుసున్న బండిలో గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనుక చక్రాలు రెండూ లేపి ఒకటి తిప్పితే రెండోది అదే దిశలో తిరగాలి. మీ మెకానిక్ నమ్మిన సూత్రం ఇదే. సూత్రం తప్పు కాదు.

కానీ థార్‌లో కొన్ని వేరియంట్లకు కంపెనీ ఇచ్చింది ఎల్.ఎస్.డి. కాదు, మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. ఈ తరహా పరికరం రెండు చక్రాల వేగాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వచ్చినప్పుడే బిగుసుకుని, రెండు చక్రాలనూ కలిపి తిప్పుతుంది. చేత్తో నెమ్మదిగా తిప్పితే అంత తేడా రాదు. కనుక అది మామూలు డిఫరెన్షియల్ లాగే ప్రవర్తించి, రెండో చక్రాన్ని ఎదురు దిశలో తిప్పవచ్చు. అంటే మీ బండిలో లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్నా మీ మెకానిక్‌కు ఇదే ఫలితం కనిపించి ఉండవచ్చు. బురదలో మీరు జాగ్రత్త కొద్దీ యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఉంచి ఉంటే అక్కడా అది పట్టుకోకపోయి ఉండవచ్చు. ఇంకో తరహా కూడా ఉంది. ఇరుసులో మామూలు డిఫరెన్షియలే ఉంటుంది, జారే చక్రానికి కంప్యూటర్ బ్రేకు వేసి రెండో చక్రానికి బలం అందేలా చేస్తుంది. ఇది పని చేసేటప్పుడు బ్రేకుల దగ్గర టకటకమని చప్పుడు వినిపిస్తుంది. మారుతి జిమ్నీలో ఉన్నది ఇలాంటిదే, దాని పేరులోనే లిమిటెడ్ స్లిప్ అన్న మాట ఉంది. పాత బండ్ల ప్రకటనల్లో ఈ మూడింటినీ ఎల్.ఎస్.డి. అన్న ఒకే పేరు కింద కలిపేయడం తరచూ చూస్తున్నాను. రేపు మీ వ్యాపారి వకీలు మొదట పట్టుకునేది ఈ గందరగోళాన్నే.

ఇక తేల్చుకునే పద్ధతి. ఆర్.సి.లో డిఫరెన్షియల్ సంగతి ఉండదు, దాని కోసం వెతకకండి. మొదటి యజమాని పేరున ఉన్న అసలు ఇన్వాయిస్‌లో వేరియంట్ పూర్తి పేరు ఉంటుంది. వేరియంట్‌ను బట్టి, తయారైన ఏడాదిని బట్టి ఈ సదుపాయం మారింది కనుక ఛాసిస్ నంబరు చూపించి, ఆ బండి ఫ్యాక్టరీ నుంచి ఏ డిఫరెన్షియల్‌తో వచ్చిందో అధీకృత సర్వీసు కేంద్రంలో రాతపూర్వకంగా అడగండి. ఇరుసు మీద నూనె పోసే బిరడా దగ్గర ప్రత్యేక నూనె వాడమని చెప్పే రేకు ఏదైనా ఉంటే ఫొటో తీయండి. అయితే పాత యజమాని ఇరుసు మార్చి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే చివరి మాట ఇరుసు విప్పి చూడటమే.

ఆ విప్పడం మీ ఊరి షెడ్డులో వద్దు. ముందుగా వ్యాపారికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా తేదీన, ఫలానా అధీకృత సర్వీసు కేంద్రంలో డిఫరెన్షియల్ విప్పి చూపిస్తాం, మీరు గానీ మీ మెకానిక్ గానీ హాజరు కావచ్చు అని అందులో రాయండి. రాకపోతే అది వారి ఇష్టం, కానీ మీ వెనుక చేశారన్న మాట ఆ తరువాత చెల్లదు. విప్పేటప్పుడు ఛాసిస్ నంబరు నుంచి మొదలుపెట్టి ఆగకుండా వీడియో తీయించండి. జాబ్ కార్డు మీద వారు చూసినది స్పష్టంగా రాయించి సంతకం తీసుకోండి. అంతవరకు ఇరుసులో ఏ భాగమూ మార్చకండి. మరొక మాట, ఇది ప్రాణానికి సంబంధించినది: ఒక వెనుక చక్రం మాత్రమే జాకీ మీద లేపి, ఇంజన్ నడుపుతూ గేరు వేసి పరీక్షించే పని ఎవరూ చేయకుండా చూడండి. లోపల పట్టు ఉన్న డిఫరెన్షియల్ అయితే నేల మీదున్న చక్రం బండిని జాకీ మీద నుంచి ముందుకు దూకిస్తుంది.

విప్పాక లాకింగ్ డిఫరెన్షియల్ బయటపడితే, నా సలహా మీకు నచ్చకపోయినా చెబుతాను: కేసు వద్దు. కొండ దారికి అది ఎల్.ఎస్.డి. కంటే ఎక్కువ పనికొస్తుంది. పేరు తప్పు రాశారు కానీ మీకు నష్టం జరగలేదు. నష్టం లేని చోట పరిహారం రాదు. ఒకవేళ పాత యజమాని బయట వేయించిన క్లచ్ రకం ఎల్.ఎస్.డి. ఉండి, దాని పలకలు అరిగిపోయి ఉంటే అది అబద్ధం కేసు కాదు, నాణ్యత కేసు. పాత బండిలో అరుగుదల ఉంటుందని తెలిసే కొంటాం కనుక అలాంటి కేసు బలహీనంగా నడుస్తుంది. అసలు ఏమీ లేకుండా మామూలు డిఫరెన్షియలే ఉంటే మాత్రం మీ కాళ్ల కింద గట్టి నేల ఉన్నట్టే.

అప్పుడు ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న సంతకం వ్యాపారిని ఎంతవరకు కాపాడుతుంది? వస్తు విక్రయ చట్టం, 1930 లోని 15వ సెక్షన్ ప్రకారం వర్ణన మీద అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. అది కాగితం మీద రాసుకోకపోయినా ఆ అమ్మకంలో ఉన్నట్టే చట్టం భావించే షరతు. 62వ సెక్షన్ ప్రకారం ఇలా అంతర్లీనంగా ఉండే షరతులను ఒప్పందంతో తొలగించుకోవచ్చు, నిజమే. కానీ మీ దగ్గర ఉన్నది అంతర్లీనమైన షరతు కాదు, ఆయన స్వయంగా రాసి పంపిన మాట. ఒక చేత్తో ‘ఉంది’ అని రాసి, మరో చేత్తో అచ్చు వేసిన కాగితం మీద సంతకం తీసుకుని ఆ మాటను చెరిపేయడాన్ని న్యాయస్థానాలు తేలికగా ఒప్పుకోవు.

ఆయన దగ్గర దీనికంటే మెరుగైన వాదన ఇంకొకటి ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872 లోని 19వ సెక్షన్ మినహాయింపు ప్రకారం, తప్పుడు సమాచారం వల్ల కుదిరిన ఒప్పందమే అయినా, సాధారణ జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు కొనేవారికి ఉంటే దాన్ని రద్దు చేయలేరు. ‘ట్రయల్ వేశారు, మెకానిక్‌ను తెచ్చుకోవచ్చు, ఎందుకు చూడలేదు?’ అని అడుగుతారు. దీనికి జవాబు పైన చెప్పిన సాంకేతిక విషయంలోనే ఉంది: చేత్తో తిప్పి చూస్తే తెలియదు, తారు రోడ్డు మీద నడిపితే తెలియదు, అమ్మకానికి ముందు ఇరుసు విప్పనిమ్మని ఎవరూ అడగరు. ఇక తెలిసే అబద్ధమాడారని రుజువైతే ఈ మినహాయింపు ఆయనకు అసలు వర్తించదు. మీకు బండి చూపిన రోజుల్లో ‘ఎల్.ఎస్.డి. లేదు’ అని ఆయనే వేరొకరికి రాసినట్టు దొరికితే, లేదా అసలు ఇన్వాయిస్ ఆయన దగ్గరే ఉండి దాచినట్టు తేలితే, అది తెలిసి ఆడిన అబద్ధమే అనడానికి బలమైన ఆధారం.

‘నేను మధ్యవర్తిని మాత్రమే, అమ్మింది పాత యజమాని’ అని కూడా అనవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారి రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి, బండి తన చేతికి వచ్చిన సంగతి తెలియజేయాలి. ఆయనకు ఆ పత్రం ఉందో లేదో అడగండి. ఏదేమైనా ప్రకటన ఆయనది, సందేశం ఆయనది, ఆ మాటలకు జవాబుదారీ ఆయనే.

బండి తిరిగి ఇవ్వడం గురించి అడిగారు. అది కష్టం. బండి మీ పేరు మీదకు మారింది, నాలుగు నెలలు వాడారు. వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ కింద దాన్ని స్వీకరించినట్టే లెక్క. అలా స్వీకరించాక అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం షరతు ఉల్లంఘన కాస్తా హామీ ఉల్లంఘనగా మిగిలి, నష్టపరిహారం మాత్రమే అడగగలరు. మొత్తం 11 లక్షల 40 వేలు కావాలని పట్టుబట్టి ఏళ్లు పోగొట్టుకోవద్దు. ఆ పరికరం ఉన్న బండికీ లేని బండికీ ధరలో తేడా, లేదా దాన్ని అమర్చడానికి అయ్యే ఖర్చు, దానితో పాటు విప్పి చూపించిన ఖర్చు, అసౌకర్యానికి కొంత పరిహారం అడగండి. అమర్చే ఖర్చుకు రాతపూర్వక కొటేషన్ జతచేయండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్ మీకు సరైన చోటు. వస్తువు ఫలానా ప్రమాణం, నాణ్యత, మోడల్‌ది అని అబద్ధం చెప్పడం ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. మీరు నివసించే ప్రాంతం మీద అధికార పరిధి ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన ధర 10 లక్షలు దాటి 20 లక్షల లోపు ఉంది కనుక రుసుము 400 రూపాయలు. గడువు రెండేళ్లు. తోట కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కాదని వాదిస్తారు. మీ స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే వాడుతున్నట్టు అఫిడవిట్‌లో స్పష్టంగా రాస్తే ఆ వాదన నిలబడదు. తనిఖీ అవసరమైతే కమిషన్ తానే తగిన ప్రయోగశాలకు పంపగలదు, ఆ నివేదిక 45 రోజుల్లో రావాలి. అలాంటి కేసులు ఐదు నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. నోటీసుకు ముందు రాజీ మాట్లాడుకోవాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి, కొందరు వ్యాపారులు అక్కడే దిగివస్తారు. ఇదే బండిని వ్యాపారి కాకుండా ఒక ఇంటి మనిషి అమ్మి ఉంటే కమిషన్ దారి దాదాపు మూసుకుపోయేది, సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. పోలీసు ఫిర్యాదు గురించి ఇప్పుడు ఆలోచించకండి. తెలిసి మోసం చేశారన్న రుజువు లేకుండా వెళితే సివిల్ తగాదా అని తిప్పి పంపుతారు.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఆ ప్రకటన ఇంకా కనిపిస్తుంటే తేదీతో సహా మొత్తం పేజీని భద్రపరచండి. వాట్సాప్ సంభాషణను తుడిచేయకండి, ఆ ఫోను మార్చకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. కమిషన్లు సాక్ష్యాల విషయంలో కోర్టులంత పట్టుదల చూపకపోయినా మీరు జతచేయండి. నోటీసు ముసాయిదా, సర్వీసు కేంద్రం ఇచ్చే జవాబు నాకు పంపితే చూసి చెబుతాను.