ఏదన్నది పాఠకుడికి తెలుసా?

చిరంజీవికి,

నువ్వు ఇంగ్లిష్‌లో రాసిన కథ చదివాను. ఆ తల్లీకూతుళ్ల మాటలు నాకు బాగా నచ్చాయి. 'ది' (the) ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదిలేయాలో తెలియక ప్రతి వాక్యం దగ్గరా టెన్షన్ పడుతున్నానని రాశావు కదా, దాని గురించే ఈ ఉత్తరం.

తెలుగులో 'తలుపు వేసింది' అంటే చాలు, ఏ తలుపో సందర్భమే చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు, అక్కడ తేల్చి చెప్పాల్సిందే. అలాగని రూల్స్ బట్టీ పట్టకు. రాసేటప్పుడు చదివేవాళ్ల వైపు నుంచి ఆలోచించు. నువ్వు దేని గురించి అంటున్నావో వాళ్లు పోల్చుకోగలిగితే 'ది' పెట్టు. పోల్చుకోలేకపోతే, అది లెక్కపెట్టగలిగే ఒక వస్తువైతే, 'ఎ' (a) గానీ 'యాన్' (an) గానీ.

మొదటిసారి 'ఎ', రెండోసారి 'ది' అని బడిలో నేర్పుతారు. అది సగం నిజమే. నీ మూడో పేరాలో 'షి ఎంటర్డ్ ఎ స్మాల్ రూమ్ అండ్ క్లోజ్డ్ ఎ డోర్ బిహైండ్ హర్' అని ఉంది. తలుపు ప్రస్తావన మొదటిసారి వచ్చింది కాబట్టి 'ఎ' పెట్టి ఉంటావు. కానీ గదిలోకి వచ్చిందనగానే, వచ్చిన తలుపు పాఠకుడికి కనిపించేసింది. అక్కడ 'ది డోర్' అనాలి. 'ఎ డోర్' అంటే, ఆ గదికి ఇంకెన్ని తలుపులున్నాయో, వాటిలో ఏది వేసిందో అని చదివేవాడు ఆగిపోతాడు.

కథ రాసేవాళ్లకి ఇందులో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 'ఎ లెటర్ కేమ్ ఆన్ మండే' అని కథ మొదలుపెడితే, అనుకోకుండా ఒక ఉత్తరం వచ్చిందంతే. అదే 'ది లెటర్ కేమ్ ఆన్ మండే' అన్నావనుకో, ఆ ఇంట్లో వాళ్లు దాని కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తుంది. ఏ ఉత్తరమో పాఠకుడికి తెలియదు, అయినా తెలిసినట్టే మాట్లాడి అతన్ని నేరుగా ఇంట్లోకి తీసుకెళ్తున్నావు. కావాలని చేస్తే ఇది గొప్ప బలం.

నువ్వు ఎక్కువగా పొరబడుతున్నది మాత్రం ఇంకోచోట. 'ది లైఫ్ ఈజ్ హార్డ్', 'ది సొసైటీ విల్ నాట్ ఫర్గివ్ హర్' అన్నావు. జీవితం, సమాజం, ప్రకృతి అని మొత్తంగా చెప్పేటప్పుడు 'ది' తీసెయ్. ఎలాంటి మనిషి జీవితమో చెప్తుంటే 'ది లైఫ్ ఆఫ్ ఎ సోల్జర్' అనొచ్చు. అలాగని 'ఆఫ్' కనబడిన ప్రతిచోటా 'ది' తగిలించకు. 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మై బ్రదర్' అంటే, ఉన్న స్నేహితుల్లో ఎవరో ఒకరు.

పేర్లకి మాత్రం అలవాటే దారి. నదులకీ పర్వత శ్రేణులకీ 'ది' ఉంటుంది: ది నైల్, ది హిమాలయాస్. ఎవరెస్ట్ లాంటి ఒంటరి శిఖరానికి ఉండదు. దేశాల్లో ది నెదర్లాండ్స్, ది ఫిలిప్పీన్స్ లాంటివి కొన్నే. అనుమానమొస్తే డిక్షనరీ చూడు.

చివరి పేజీలో కూతురు చదువుకోడానికి వెళ్తుంది కాబట్టి 'టు స్కూల్' సరైనదే. తల్లి ఫీజు కట్టడానికి వెళ్తోంది, కాబట్టి అక్కడ 'టు ది స్కూల్' అని మార్చు. రోగిగా చేరడాన్ని బ్రిటిష్ వాళ్లు 'ఇన్ హాస్పిటల్' అంటారు, అమెరికన్లు 'ఇన్ ది హాస్పిటల్' అంటారు. నీ కథలో రెండూ ఉన్నాయి, ఏదో ఒకటి తేల్చుకుని మళ్లీ పంపు.

ఆశీస్సులతో.